క్యాన్సర్ అని తెలిసినప్పుడు విశ్వాసి ఇల్లు ఎలా ఉండాలి?



ఆరోగ్యం అల్లాహ్ మన వద్ద ఉంచిన అమానతు. అది ఉన్నన్నాళ్లూ దాని విలువ మనకు తెలియదు. ఒకరోజు డాక్టరు గారు బయాప్సీ రిపోర్టు చూసి మెల్లగా ‘క్యాన్సర్’ అంటారు. ఆ ఒక్క మాటతో ఇల్లంతా తల్లడిల్లిపోతుంది. రోగి కళ్ల ముందు మరణం మెదులుతుంది. ఇంటివారికి ఏం చేయాలో పాలుపోదు. భయంతోనూ, ధన ప్రాణాల నష్టంతోనూ దాసులను పరీక్షిస్తానని, సహనం వహించేవారికి శుభవార్త ఉందని అల్లాహ్ అల్ బఖరా సూరా (2:155)లో ముందే తెలియజేశాడు. ఆ పరీక్ష రోగి ఒక్కరికే కాదు, ఆ ఇంటివారందరికీ.

సహనం అంటే ఏమిటి?

సహనం అంటే కన్నీరు పెట్టకపోవడమని కొందరు అనుకుంటారు. ఇది పొరపాటు. పసిబిడ్డ ఇబ్రాహీమ్ ప్రాణం పోతున్నప్పుడు దైవప్రవక్త (స) కంటతడి పెట్టారు. అయితే ప్రభువుకు ఇష్టంలేని మాట ఒక్కటీ పలకలేదు. హజ్రత్ యాఖూబ్ (అలై) తన దుఃఖాన్ని అల్లాహ్‌కే మొరపెట్టుకున్నారు. హజ్రత్ అయ్యూబ్ (అలై) తనకు బాధ కలిగిందని ప్రభువునే వేడుకున్నారు. అయినా ఖుర్ఆన్ ఆయన్ను సహనశీలి అని మెచ్చుకున్నది. కనుక రోగి ఏడిస్తే “ఏడవకూడదు, ఈమాన్ పోతుంది” అని గద్దించకండి. పక్కన కూర్చోండి. చేయి పట్టుకోండి.

“ఏ పాపం చేసిందో, ఈ రోగం వచ్చింది” అనే మాట కూడా మన నోట రాకూడదు. దైవప్రవక్త (స) వారికి సామాన్యులకంటే రెండింతల జ్వరం వచ్చేదని హజ్రత్ ఇబ్నె మస్ఊద్ (రజి) ఉల్లేఖించారు. వ్యాధి బాధకు విశ్వాసి పాపాలు చెట్టు ఆకుల్లా రాలిపోతాయని కూడా ఆ సందర్భంలోనే ఆయన తెలిపారు. వ్యాధి అవమానం కాదు. అది అంటువ్యాధి కూడా కాదు. రోగికి కంచం, గ్లాసు వేరుచేసి దస్తర్‌ఖాన్‌కు దూరం పెట్టడం అజ్ఞానం, అన్యాయం.

చికిత్స మానడం తవక్కుల్ కాదు

“అల్లాహ్ రాసింది జరుగుతుంది, ఆపరేషన్ ఎందుకు?” అని కొందరు అంటారు. వైద్యం చేయించుకోవాలా అని పల్లెవాసులు అడిగినప్పుడు, చేయించుకోమనే దైవప్రవక్త (స) ఆదేశించారు. వృద్ధాప్యం తప్ప ప్రతి వ్యాధికీ అల్లాహ్ మందు సృష్టించాడని చెప్పారు. హజ్రత్ ఉమర్ (రజి) సిరియాకు వెళుతూ అక్కడ ప్లేగు వ్యాపించిందని విని వెనుదిరిగారు. అల్లాహ్ విధివ్రాత నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగితే, అల్లాహ్ విధివ్రాత నుంచి అల్లాహ్ విధివ్రాత వైపుకే వెళుతున్నామని జవాబిచ్చారు. వ్యాధి తఖ్దీర్ అయితే మందు కూడా తఖ్దీరే.

మన ఇళ్లలో చికిత్స ఆలస్యం కావడానికి ముఖ్యంగా మూడు కారణాలు కనిపిస్తాయి. మొదటిది సిగ్గు. రొమ్ములో గడ్డ తగిలినా, గర్భసంచి నుంచి రక్తస్రావం అవుతున్నా అక్కాచెల్లెళ్లు నెలల తరబడి దాచుకుంటారు. లేడీ డాక్టరు ఉంటే ఆమె వద్దకే వెళ్లండి. లేనప్పుడు అవసరం మేరకు మగ డాక్టరుకు చూపించుకోవడానికి షరీఅత్ అనుమతించింది. యుద్ధాల్లో గాయపడినవారికి సహాబీ స్త్రీలు చికిత్స చేసిన సంగతి సహీహ్ బుఖారీలోనే ఉంది. రెండవది భయం. ముక్క తీసి పరీక్షిస్తే వ్యాధి పాకుతుందనే అపోహ అది. మూడవది తాయెత్తులు కట్టే ఆమిళ్ల వెంట తిరగడం. ఫాతిహా చదివి ఊదడం సున్నతే. కాని దాని పేరుతో వేలు గుంజుతూ ఆస్పత్రికి పోవద్దనేవాడు మీ మేలు కోరేవాడు కాడు. రొమ్ము, గర్భాశయ ముఖద్వార, నోటి క్యాన్సర్లను తొలిదశలో పట్టుకుంటే నయమయ్యే అవకాశం ఎక్కువ. పోగొట్టుకున్న ఆ నెలలు మళ్లీ రావు.

ఖర్చుకు భయపడి ఆగిపోకండి. హైదరాబాద్‌లో 1955లో వెలిసిన ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ ఉన్నాయి. రోగి పేదవాడైతే జకాత్ సొమ్ము ఇవ్వవచ్చు. బస్తీలోని కలిగినవారు ఈ విషయం గుర్తుంచుకోవాలి.

రోగికి చెప్పాలా, దాచాలా?

“మౌల్వీసాబ్, అమ్మీకి చెప్పకుండా దాచిపెట్టాం, తప్పా?” అని జుమా నమాజు తర్వాత మమ్మల్ని అడిగేవారున్నారు. ప్రేమతోనే అలా చేస్తారు. కాని ఆలోచించండి. ఆ తల్లి తీర్చవలసిన అప్పు ఉండవచ్చు. ఎవరిదైనా అమానతు ఆమె వద్ద ఉండవచ్చు. వసీయత్ చేయవలసిన విషయం ఉన్నవారు దాన్ని రాసి పెట్టుకోకుండా రెండు రాత్రులు కూడా గడపరాదని దైవప్రవక్త (స) బోధించారు. నిజం తెలియకపోతే ఆమె ఇవన్నీ ఎలా చేస్తుంది? పైగా వెంట్రుకలు ఎందుకు రాలుతున్నాయో ఎన్నాళ్లని దాచగలరు? అబద్ధం ఆమెను ఒంటరిని చేస్తుంది. కనుక ఆమె అడిగినంత మేరకు, తట్టుకోగలిగినంత మేరకు మెత్తగా నిజం చెప్పండి. డాక్టరు గారి సలహా తీసుకోండి. నిజంతో పాటు ఆశ కూడా ఇవ్వండి. దైవప్రవక్త (స) రోగి వద్దకు వెళ్లినప్పుడు ఫర్వాలేదని, ఇన్‌షా అల్లాహ్ ఇది పాపాలను కడిగేదని ధైర్యం చెప్పేవారు.

సేవ చేయడం ఇబాదత్

హిజ్రీ రెండవ సంవత్సరం బద్ర్ యుద్ధానికి దాదాపు 313 మంది బయలుదేరారు. ఒక్కొక్క మనిషీ అవసరమైన సమయమది. అయినా హజ్రత్ ఉస్మాన్ (రజి)ను దైవప్రవక్త (స) మదీనాలోనే ఉండమన్నారు. కారణం ఆయన భార్య, దైవప్రవక్త (స) కుమార్తె హజ్రత్ రుఖయ్యా (రజి) జబ్బుపడి ఉన్నారు. ఆమెకు సేవ చేసినందుకు బద్ర్‌లో పాల్గొన్నవారితో సమానమైన పుణ్యం, వాటా ఆయనకు లభించాయి. ఆ జబ్బులోనే ఆమె కన్నుమూశారు. కాని ఆయన సేవ వృథా పోలేదు. భార్య జబ్బుపడితే పుట్టింటికి పంపించి చేతులు దులుపుకునే భర్తలు ఈ సంఘటన ఒకసారి తలచుకోవాలి. సేవను ఒక్క కోడలి నెత్తినో, ఒక్క కూతురి నెత్తినో వేయకండి. ఆస్పత్రికి ఒకరు, వంటకు ఒకరు, రాత్రి కాపలాకు ఒకరు పంచుకోండి.

పరామర్శ కూడా గొప్ప పుణ్యకార్యం. అయితే కాసేపే కూర్చోండి. ఎవరెవరు ఈ రోగంతో పోయారో అక్కడ లెక్కపెట్టకండి. కీమోథెరపీ రోజుల్లో రోగనిరోధక శక్తి తగ్గుతుంది. జలుబు, జ్వరం ఉన్నవారు ఇంట్లోనే ఉండి దుఆ చేస్తే అదే మేలు.

రోగికి ఒక మాట. నిలబడలేకపోతే కూర్చుని, కూర్చోలేకపోతే పడుకుని నమాజు చేయండి. నీళ్లు హాని చేస్తాయంటే తయమ్ముమ్ ఉంది. ఉపవాసాల విషయంలో అల్లాహ్ రోగికి సడలింపు ఇచ్చాడు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు మీరు చేస్తూ వచ్చిన సత్కార్యాల పుణ్యం ఇప్పుడూ మీ ఖాతాలో రాయబడుతూనే ఉంటుంది. నొప్పి ఎంత ఉన్నా చావు కోరుకోకండి. బ్రతకడం మేలైతే బ్రతికించమని, కాకుంటే ఈమాన్‌తో పిలుచుకోమని ప్రభువునే అడగండి.

ఓ అల్లాహ్! మా రోగులకు సంపూర్ణ స్వస్థత ప్రసాదించు. వారికి సేవచేసే చేతులకు అలసట లేకుండా చెయ్యి. నయమైనా, కాకపోయినా మా ఇళ్లను నీ పట్ల ఫిర్యాదు లేని ఇళ్లుగా ఉంచు. ఆమీన్.