చెవి వెనక పాయ

తణుకులో రిటైరైన టీచరుగారొకరు మూడు వారాలకోసారి ఇంట్లోనే జుట్టుకి నల్లరంగు వేసుకునేవారు. తెల్లబడి కనిపించేది కుదుళ్ల దగ్గరే. అయినా కలిపిన రంగు పారబొయ్యడం ఇష్టంలేక కొసలదాకా పూసేవారు. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. నడుము దాకా ఉన్న ఆవిడ జడ కొసలకి అప్పటికి అయిదేళ్ల వయసు, వాటి మీద ఎనభైకి పైగా పూతలు.

మనవరాలి ఓణీల ఫంక్షను ముందురోజు ఆవిడకి ఆ నలుపు మీద విసుగొచ్చింది. తెల్లవెంట్రుకలు కలిసిపోయేలా లేతరంగు కావాలంటూ పక్కవీధి పార్లరుకి వెళ్లారు.

“ఇవాళే తేల్చెయ్యమ్మాయ్. పైన బ్రౌను రంగు పూస్తే సరిపోదూ?”

“రంగు రంగుని వదిలించదు టీచరుగారూ. బ్లీచ్ పెట్టాలి. మధ్యలో ఇంకేమైనా వాడారా?”

“ఎప్పుడైనా బ్లాక్ హెన్నా ప్యాకెట్లు.”

అమ్మాయి మొహం మారింది. అలాంటి ప్యాకెట్లు కొన్నింటిలో లోహపు లవణాలుంటాయి. వాటికి పెరాక్సైడ్ తగిలితే వేడి పుట్టి జుట్టు కాలిపోవచ్చు. చెవి వెనక కనపడని చోట సన్నని పాయ కత్తిరించి, 6 శాతం పెరాక్సైడ్‌తో కలిపిన బ్లీచ్‌లో ముంచింది. అదృష్టం, వేడెక్కలేదు. కాసేపటికి కడిగితే కుదురువైపు పసుపు తిరిగింది, మధ్యలో ఇటుకరంగు, కొస మాత్రం ఇంకా నలుపే. ఆ తడి కొసని లాగి చూపించింది. సాగింది, వెనక్కి ముడుచుకోలేదు, తెగిపోయింది.

“రిపేరు చేసే సీసాలున్నాయిగా?”

“ప్రాణం కుదురు లోపలే అండీ. బయటికొచ్చిన వెంట్రుక తనంతట మానదు. ఆ సీసాలు పైన నునుపు చేస్తాయి, కొన్ని లోపల తెగిన బంధాల్ని కొంత కలుపుతాయి. పాత వెంట్రుకని తెచ్చివ్వలేవు. ఒక్కరోజులో కాదు, మెల్లమెల్లగా చేద్దాం.”

టీచరుగారు తెగిన కొసని వేలికి చుట్టుకున్నారు. “గట్టిగా చెరిపితే కాగితం చిరుగుతుందని ముప్ఫయ్యేళ్లు పిల్లలకి చెప్పాను. సరే, నీ పద్ధతిలోనే కానీ.”

ఫంక్షనుకి నల్లజుట్టుతోనే వెళ్లారు.

నీతి: జుట్టుకి చెయ్యాల్సిన బాగు పాడవకముందే చెయ్యాలి.

నన్నడిగితే ఈ కథలో తెలివైన పని ఆ పాయ కత్తిరించడమే. బ్లీచ్ ధర, రంగు పేరు అడిగేవాళ్లే గానీ ఆ పరీక్ష అడిగేవాళ్లు అరుదు. కొత్త రంగు వేసే ముందు చర్మం మీద 48 గంటల పరీక్ష కూడా అంతే, డబ్బా మీద రాసి ఉన్నా ఎవరూ చెయ్యరు. ఇక రంగు కుదుళ్లకే పరిమితం చేస్తే సగం గొడవ పుట్టదు. తలంటుకి ముందు కొబ్బరినూనె రాస్తే వెంట్రుకలోని ప్రోటీను నష్టం తగ్గుతుందని 2003లో భారతీయ పరిశోధకులు ప్రచురించారు. పొద్దుతిరుగుడు నూనెకి ఆ గుణం కనపడలేదు. అమ్మమ్మల నూనె చాదస్తంలో ఆ మేరకు నిజముంది.

టీచరుగారి పని ఏడాది దాటింది. నూనె పెట్టడం, కొసలు కత్తిరించడం, నెలలు ఆగి ఆగి సన్నటి పాయలకే బ్లీచ్. జుట్టు భుజాల దాకా వచ్చింది, చివర్లలో ఇటుకరంగు ఇంకా మిగిలే ఉంది. అదీ తీసెయ్యనా అని అమ్మాయి అడిగితే, ఉండనీ, బాగానే ఉందన్నారట.