అంతియొకయలో ఒక సంవత్సరము

వాక్యభాగము: అపొస్తలుల కార్యములు 11:19–30



డిగ్రీ ముగించి ఇంట్లో ఉన్న మన పిల్లల గురించి ఈ నెల నాలుగు మాటలు వ్రాస్తున్నాను. ప్రార్థన కూటములలో తల్లులిచ్చే మనవుల్లో ఎక్కువగా వినబడేది ఇదే: "మా వాడు బి.కాం. ప్యాసయ్యాడు, ఉద్యోగము కొరకు ప్రార్థించండి." ప్రార్థిస్తూనే ఉన్నాము. అయితే ఆ పిల్లవాడు ఇంటర్వ్యూకు వెళ్లగానే అడిగేది "అనుభవము ఉందా?" అని. ఉద్యోగమిస్తే గాని అనుభవము రాదు, అనుభవముంటే గాని ఉద్యోగము ఇవ్వరు. పెళ్లయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు అన్న సామెత మన పెద్దలు ఊరికే చెప్పలేదు.

ఇటువంటి చదువరి ఒకడు మన వాక్యభాగములో ఉన్నాడు. తార్సువాడైన సౌలు గమలీయేలు పాదములయొద్ద నేర్చుకొన్నవాడు (అపొ. 22:3). చదువులో అతనికి లోటు లేదు. కాని అతడు యెరూషలేముకు వచ్చినప్పుడు శిష్యులు నమ్మక భయపడ్డారు (9:26). తరువాత అతని ప్రాణానికే ముప్పు రాగా సహోదరులు అతనిని సొంత ఊరికి పంపివేశారు. అక్కడ కూడ అతడు ఊరకుండలేదని గలతీ పత్రిక మొదటి అధ్యాయమునుబట్టి గ్రహిస్తాము. అయినను "ఇదిగో ఈ పని నీది" అని అప్పగించిన సంఘము ఆ కాలములో ఒకటియు కనబడదు.

అంతియొకయలో విశ్వాసులు పెరిగారు. బర్నబాకు తోడు కావలసి వచ్చింది. అతడు కబురు పంపి ఊరుకోలేదు; తానే తార్సుకు వెళ్లి, వెదకి, వెంటబెట్టుకొని వచ్చాడు. ఇద్దరును ఒక సంవత్సరమంతయు ఆ సంఘములో ఉండి బోధించారు. తరువాత ఏమైనదో చూడండి. కరవు వస్తుందని అగబు ప్రవచించాడు. యూదయలోని సహోదరుల కొరకు అంతియొకయవారు చందా పోగుచేశారు. ఆ సొమ్ము ఎవరి చేతికిచ్చారు? బర్నబా సౌలుల చేతికి! ఒకప్పుడు సౌలును చూచి భయపడిన ప్రాంతానికే అతడు సహాయము మోసుకొని వెళ్లాడు. 13వ అధ్యాయములో ఆ సంఘమే ఉపవాసముండి, చేతులుంచి, వారిని పంపింది. మనము పౌలు మిషనరీ ప్రయాణములు అని సండేస్కూలులో పటము గీసి నేర్పించేదంతయు ఆ ఏడాది తరువాతి మాటే. సౌలు చదువు ఆ ఏడాదిలో పెరిగినదో లేదో గాని, అతని పనిని కళ్లారా చూచిన మనుషులు అతనికి దొరికారు.

ఎలీషాను రాజులకు పరిచయము చేసిన సేవకుడు కూడ, అతడు ఏలీయాకు చేసిన పరిచర్యనే అతని యోగ్యతగా చెప్పాడు (2 రాజులు 3:11).

కరవు అన్నాను గనుక మన సొంత చరిత్రకు వస్తాను. బేసిన్ బ్రిడ్జి దగ్గర ముక్కు మూసుకొని దాటిపోయే ఆ బకింగ్‌హామ్ కాలువతో మన బాప్టిస్టులకు సంబంధమున్నదని మన పిల్లల్లో ఎందరికి తెలుసు? 1876–78 ధాతు కరవులో ఒంగోలు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు అదే కాలువలో, అటు ఉత్తరాన, మూడున్నర మైళ్ల త్రవ్వకము కాంట్రాక్టు తీసుకొని ఆకలితో ఉన్నవారికి కూలి కల్పించారు. మన ఉపదేశకులే పనిమీద మేస్త్రీలుగా నిలిచారు. సువార్త ప్రకటించే మనిషికి మట్టి కొలతలు ఎలా తెలిసినవి? ఆయన యౌవనములో అమెరికాలో భూమి సర్వే బృందములో పనిచేసినవాడు. ఆ పని సేవ కొరకు చేసినది కాదు, జీతానికే చేశాడు. అయినను చేతికి వచ్చిన పని ఎక్కడ అక్కరకు వస్తుందో ముందుగా ఎవరికి తెలుసు? కరవు పని జరుగుచున్నంత కాలము ఆయన బాప్తిస్మములు ఆపి ఉంచారు, కూటి కొరకు వచ్చారను మాట రాకూడదని. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో 2222 మంది బాప్తిస్మము పొందిన సంగతి మీకందరికి తెలిసినదే.

మన పెరంబూరు సంగతి చూద్దాము. మన తాత తండ్రులు రైల్వే వర్కుషాపులకు, బిన్నీ మిల్లులకు వచ్చినవారు. 1955లో ఐ.సి.ఎఫ్. తెరిచిన తరువాత మరికొందరు వచ్చారు. ఆ మిల్లులు 1996లో మూతపడినవి. రైల్వేలో ఏడాది అప్రెంటిసు అంటే మన ఇళ్లలో ఎవరూ అడ్డు చెప్పరు, స్వీట్లు పంచుతారు. అదే ఏడాది మిషన్ హాస్టలులో పిల్లలకు లెక్కలు చెప్పడానికి వెళ్తానంటే, "ఏడాది పాడవుతుంది" అంటారు. ఈ తేడా నాకు ఎప్పుడూ అర్థము కాదు.

లోకము ఈ సంగతిని గ్రహించింది. డిగ్రీ ముగించినవారు కొంతకాలము పూర్తిగా సేవలో ఉండుటకు కేంద్ర ప్రభుత్వము 1977–78లోనే నేషనల్ సర్వీస్ వాలంటీరు పథకము పెట్టింది. స్టేట్ బ్యాంకువారు 2011లో పట్టభద్రులను 13 నెలలు పల్లెలకు పంపే ఫెలోషిప్పు ఆరంభించారు. ఏడాది పల్లెలో ఉండి వచ్చిన పిల్లవాడు ముక్కు మొహము తెలియనివారితో మాట్లాడగలడు, ఖర్చుకు లెక్క చూపగలడు, ఎదురు చెప్పేవాడిని ఓర్చుకోగలడు. మన పిల్లలకు తెలుగు, తమిళము రెండూ వచ్చు గనుక మరింత మేలు.

"ఉద్యోగము కొరకు సేవ చేస్తే అది సేవేనా?" అని ఒక సహోదరుడు అడుగవచ్చును. మంచి ప్రశ్న. సర్టిఫికెట్టు కొరకే వచ్చినవాడిని హాస్టలు పిల్లలు నెలలోపే కనిపెడతారు. పిల్లల కళ్లు కప్పలేము. కొందరు సర్టిఫికెట్టు కొరకు వెళ్లి పిల్లల కొరకు ఉండిపోతారు. హృదయములను శోధించే పని ప్రభువుకు విడిచిపెడదాము.

మనము చూడవలసిన పని వేరే ఉంది. పాస్టరుగారి ఇంటికి కూరగాయలు తెచ్చుట, పెళ్లికి కుర్చీలు సర్దుట సేవాసంవత్సరము కాదు. దానికి ప్రాచీనమైన పేరు ఒకటున్నది, వెట్టి. పని ఏమిటో, ఎవరి క్రిందనో, ఎన్నాళ్లో ముందే కాగితముమీద వ్రాసి ఇవ్వాలి. ట్రైనింగులో మాకు బోధనాభ్యాసము ఉండేది. మేము పాఠము చెప్పుచుండగా పరిశీలకుడు వెనుక బెంచీమీద కూర్చుండి నోటుబుక్కులో తప్పొప్పులు వ్రాసేవాడు. డిగ్రీ పుస్తకాలు నేర్పనిది ఆ ఎర్ర సిరా నేర్పింది. అటువంటి కన్ను ఒకటి లేకపోతే ఏడాది గడుస్తుంది గాని పని రాదు. చివరలో ఇచ్చే యోగ్యతాపత్రములో "సత్ప్రవర్తన గలవాడు" అన్న ఒక్క ముక్క వ్రాస్తే ఏ ఆఫీసులో పనికివస్తుంది? ఎంతమంది పిల్లలకు ఏ పాఠము చెప్పాడో, ఏ రిజిస్టరు వ్రాశాడో, ఎంత సొమ్ముకు లెక్క అప్పగించాడో వ్రాయండి. ఆడపిల్లలను పంపేటప్పుడు వసతి, భద్రత సంఘ స్త్రీలు వెళ్లి చూచి రావాలి. పోటీ పరీక్షల వయోపరిమితి దగ్గర పడినవారిని బలవంతము చేయకూడదు.

అన్నిటికంటె కష్టమైనది డబ్బు. తండ్రి రిటైరైన ఇంట్లో, చెల్లెలి పెళ్లి అప్పు తీరని ఇంట్లో, పెద్దకొడుకు ఏడాది జీతము లేకుండ ఉండడము సాధ్యమా? "విశ్వాసముంచండి" అని ఆ తల్లికి చెప్పే ధైర్యము నాకు లేదు. కలిగినవారి పిల్లలే సేవకు వెళ్లి అనుభవము సంపాదించి, లేనివారి పిల్లలు ఇంకా వెనుకబడితే, మేలు కొరకు చేసినది కీడుగా మారుతుంది. అంతియొకయలో ప్రతివాడును తన శక్తికొలది ఇచ్చాడని వ్రాయబడిన సంగతి గమనించండి.

గనుక సంఘ పెద్దలకు నా మనవి. కోత పండుగ కానుకలో ఒక భాగము తీసి ఒక్కరిని, ఒక్క ఏడాదికి, భోజనము, బస్సు చార్జీలు, ఇంటికి నెల నెలా కొంత పంపేటట్టు పంపుదాము. ఏ కుటుంబానికి ఎక్కువ అవసరమో ఆ కుటుంబముతో మొదలుపెడదాము. పిల్లలు తామే వచ్చి అడుగుతారని కాచుకొని కూర్చోవద్దు. ఏ వీధిలో ఏ ఇంట్లో ఎవరున్నారో మనకు తెలుసు, తార్సు అంత దూరము కూడ కాదు. వచ్చే కమిటీ కూటమునకు ముందు ప్రతి పెద్దయును ఒక్క ఇంటికైనను వెళ్లి, తల్లిదండ్రులతో కూర్చుండి మాట్లాడి, పేరు కార్యదర్శిగారికి అందజేయవలెనని కోరుచున్నాను.