భార్యాబిడ్డల హక్కు – వీసా కాగితం

కొన్ని నెలల క్రితం జుమా నమాజు అనంతరం రాయచోటి ప్రాంతానికి చెందిన ఓ సోదరుడు మా వద్దకు వచ్చి కూర్చున్నారు. ఆయన తొమ్మిదేళ్లుగా కువైట్‌లో కంపెనీ డ్రైవరు. ఇన్నేళ్లలో ఇంటికి వచ్చింది నాలుగుసార్లే. ఈసారి ఆరేళ్ల కూతురు తల్లి కొంగు చాటున దాక్కుని, "అమ్మీ! ఈయన ఎప్పుడు వెళ్లిపోతాడు?" అని అడిగిందట. ఆ మాట చెబుతుంటే ఆయన గొంతు పూడుకుపోయింది.

"హజ్రత్! భార్యాబిడ్డల్ని అక్కడికి తీసుకెళ్దామనుకుంటున్నాను. నా జీతం నిబంధనకు చాలదు. ఎక్కువ జీతం రాసిన కాగితం ఇప్పిస్తానని ఒకాయన అంటున్నాడు. బిడ్డ కోసమే కదా! తప్పవుతుందా?" అని అడిగారు.

ప్రశ్న ఒకటే గాని, ఇందులో మూడు హక్కులు ముడిపడి ఉన్నాయి: భార్యాబిడ్డల హక్కు, ఇచ్చిన మాటకున్న హక్కు, వృద్ధులైన తల్లిదండ్రుల హక్కు.

భార్యాబిడ్డలను దగ్గర ఉంచుకోవడం భర్త చేసే ఉపకారమని చాలామంది భావిస్తారు. అది పొరపాటు. హజ్రత్ ఉమర్ (రజి) ఓ రాత్రి మదీనా వీధుల్లో తిరుగుతుండగా, సైన్యంతో వెళ్లిన భర్త కోసం ఓ స్త్రీ పాడుకుంటున్న విరహగీతం చెవిన పడింది. ఆయన తన కుమార్తె హజ్రత్ హఫ్సా (రజి)ను అడిగారు, భర్త లేకుండా స్త్రీ ఎంతకాలం ఓర్చుకోగలదని. నాలుగు నెలలని కొన్ని ఉల్లేఖనాల్లో, ఆరు నెలలని మరికొన్నింటిలో ఉంది. సైనికులను అంతకుమించి ఇంటికి దూరంగా ఉంచరాదని ఖలీఫా ఆదేశించారు. ఆయన ఆ స్త్రీని మందలించలేదు. రాజ్య నియమాన్నే మార్చారు. మరి రెండేళ్లకో, మూడేళ్లకో ఓసారి ఇంటి గడప తొక్కే మనం ఏమని సమాధానం చెప్పుకుంటాం?

నిజమే, దారి సులువుగా లేదు. కువైట్‌లో కుటుంబ వీసాకు కావలసిన కనీస జీతాన్ని 2016లో 450 దీనార్లకు, 2024లో 800 దీనార్లకు పెంచారు. సౌదీలో 2017 జూలై నుంచి కుటుంబంలోని ఒక్కొక్కరికి నెలకు 100 రియాళ్ల రుసుము మొదలై, 2020 నాటికి 400కు చేరింది. ఆ లెక్కన భార్య, ముగ్గురు పిల్లలు ఉన్నవాడిపై ఏడాదికి 19,200 రియాళ్ల భారం. ఎన్నో కుటుంబాలు సామాను సర్దుకుని తిరిగి వచ్చేశాయి. ఎమిరేట్స్‌లో 2019లో వృత్తి షరతు తొలగించి, 4,000 దిర్హముల జీతం, లేదా వసతితోపాటు 3,000 ఉంటే చాలన్నారు. అయినా ఆ మాత్రం జీతం లేనివారెందరో! ఖాదిం వీసాపై ఇళ్లలో పనిచేసేవారికి, ఎడారిలో గొర్రెలు కాసేవారికి ఈ ద్వారం దాదాపు మూసి ఉన్నట్లే. పసిబిడ్డలను అమ్మమ్మల వద్ద వదిలి ఇళ్ల పనికి వెళ్లిన తల్లుల బాధ మరీ దయనీయం.

అయితే ద్వారం మూసి ఉందని దొంగ తాళంచెవి వాడవచ్చా? ఇక్కడ మనం హుదైబియా ఒడంబడికను గుర్తుచేసుకోవాలి. హిజ్రీ 6వ సంవత్సరంలో, మక్కా నుంచి వచ్చే ముస్లిములను తిరిగి అప్పగించాలన్న షరతు కుదిరింది. అంతలోనే హజ్రత్ అబూ జందల్ (రజి) సంకెళ్లతో ఈడ్చుకుంటూ వచ్చి శరణు కోరారు. సహాబీల హృదయాలు తల్లడిల్లాయి. అయినా దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) మాట తప్పలేదు. సహనం వహించమని, అల్లాహ్ మార్గం చూపుతాడని చెప్పి ఆయనను తిరిగి పంపించారు. కొంతకాలానికి ఖురైషులే ఆ షరతు వద్దని కబురు పంపారు.

వీసా కూడా ఒక ఒప్పందమే. లేని జీతం ఉన్నట్లు రాయించడం అబద్ధపు సాక్ష్యం. ఆ కాగితం మీద కట్టిన కాపురం ఏ తనిఖీకి కూలుతుందోనని రోజూ భయపడాలి. బిడ్డకు తండ్రి మొట్టమొదట ఇచ్చే కానుక అసత్యం కారాదు.

కానీ, "అది హరామ్, వద్దు" అని చెప్పి పంపేస్తే మా బాధ్యత తీరిపోతుందా? తీరదు. ఆ పాప అడిగింది తండ్రిని గురించి. వీసా సంగతి ఆమెకేం తెలుసు? మాలిక్ బిన్ హువైరిస్ (రజి) మరికొందరు యువకులతో కలిసి ప్రవక్త సన్నిధిలో ఇరవై రాత్రులు గడిపారు. వారి మనసులు ఇళ్ల వైపు లాగుతున్నాయని గ్రహించిన కారుణ్యమూర్తి (స), ఇళ్లకు వెళ్లి, ఇంటివారితో ఉండి, వారికి ధర్మం నేర్పమన్నారు. ప్రవక్త సాహచర్యంలో విద్య నేర్చేవారినే ఇంటికి పంపితే, దీనార్ల కోసం ఉండిపోయే మనకు ఎంత గట్టి కారణం ఉండాలి!

అందుకే ఆ సోదరుణ్ణి మేము తిరిగి ప్రశ్నించాము: "అప్పు ఎంత మిగిలింది?" ఆయన కాసేపు ఊరుకుని, "అప్పు మూడేళ్ల క్రితమే తీరింది హజ్రత్. పై అంతస్తు కడుతున్నాను" అన్నారు. అప్పు, ఆకలి, వైద్యం వంటి అవసరాల కోసం భరించే ఎడబాటు వేరు. పై అంతస్తు కోసం, బంధువుల ముందు గొప్ప కోసం పొడిగించే ఎడబాటు వేరు. మొదటిది అల్లాహ్ సముఖాన సాకుగా నిలవవచ్చు. రెండోది నిలుస్తుందా?

కుటుంబాన్ని ధర్మసమ్మతంగా తీసుకెళ్లగలిగిన వారు తీసుకెళ్లాలి. అంతటితో పని పూర్తి కాదు. అక్కడ భార్య అఖామా భర్త అఖామాను పట్టుకుని ఉంటుంది. "రద్దు చేయించి పంపేస్తా" అని బెదిరించేవారి గురించి విన్నాము. ఇది దౌర్జన్యం. ఆమె ప్రభుత్వ కాగితంలో భర్తపై ఆధారపడిన వ్యక్తి కావచ్చు, అల్లాహ్ దృష్టిలో అతనికి అప్పగించిన అమానతు.

ఇక తల్లిదండ్రుల మాట. "అమ్మను చూసుకోవడానికి నువ్వు ఇక్కడే ఉండు" అని భార్యను వదిలి వెళ్లేవారు ఒకటి తెలుసుకోవాలి. తల్లి సేవ కొడుకు బాధ్యత. కోడలు చేస్తే అది ఆమె మంచితనం, ఆమెకు గొప్ప పుణ్యం. అంతేగాని మన బాధ్యతను ఆమె భుజాలపై వేసి తప్పుకోలేము.

తీసుకెళ్లలేనివారు భార్యను మనస్ఫూర్తిగా సంప్రదించాలి. ఫలానా తేదీకి తిరిగి వస్తానని గడువు పెట్టుకోవాలి. ఆ గడువును అంతస్తుల కోసం పొడిగించకూడదు.

ఆ సోదరుడు కాగితం ఆలోచన మానుకుంటానన్నారు. తిరిగి వచ్చే సంగతి మాత్రం "ఇంట్లో అడిగి చెబుతాను" అన్నారు. తొమ్మిదేళ్లలో ఆమెను అడగడం ఇదే మొదటిసారట!

మన సంపాదనను హలాల్‌గా, మన కుటుంబాలను చెదరకుండా ఉంచమని అల్లాహ్‌ను వేడుకుందాం. ఆమీన్.