సాక్షులు లేని తీర్పు

ధ్యానభాగము: 1 రాజులు 18:13, 19:1–18, ద్వితీయోపదేశకాండము 19:15



ఒకని ఎద్దు మరియొకని జొన్నచేలో పడినదని తగవు వచ్చిన యెడల మన ఊళ్లలో ఏమి చేయుదురు? పెద్దమనుషులు రచ్చకట్టమీద కూర్చుండి, ఎవరు చూచిరి, ఎప్పుడు చూచిరి, ఎంత పైరు తిన్నది అని విచారింతురు. చూచినవారు లేకుండ జరిమానా వేయరు. మోషే ధర్మశాస్త్రమును ఇదే చెప్పుచున్నది. ఒక్కని మాటనుబట్టి ఎవనిమీదను నేరము మోపరాదు. ఇద్దరు ముగ్గురు సాక్షులుండవలెను. ఎద్దు విషయములో ఇంత జాగ్రత్తపడు మనము, మన స్వంత ప్రాణము విషయములో మాత్రము నడిరాత్రివేళ ఒంటరిగా పడుకొని, ఒక్క సాక్షినైనను పిలువక, శిక్ష వేసికొనుచున్నాము. ఇది న్యాయమా?

ఏలీయా సంగతి చూడుడి. యెజెబెలు బెదిరింపు విని అతడు పారిపోయెను. అరణ్యములో ఒక దినప్రయాణము నడిచి, బదరీవృక్షము క్రింద కూలబడి చావు కోరుకొనెను. యెహోవా పక్షమున తానొక్కడే మిగిలితినని తలంచెను. బెదిరింపు నిజమే, అలసటయు నిజమే. కాని ఒక్కడే మిగిలెననుట నిజమా? అంతకుముందే ఓబద్యా అతనిని కలిసికొని, నూరుమంది ప్రవక్తలను గుహలలో దాచి అన్నపానములిచ్చి పోషించిన సంగతి చెప్పియుండెను. చెవినిబడిన ఆ సాక్ష్యమును దుఃఖము మరపించినది. క్రుంగిన మనస్సు తరచుగా ఇట్లే చేయును. మనమీద నేరము మోపు సాక్షులనే పిలుచును, మన పక్షపు సాక్షులను గడప దాటనియ్యదు.

దేవుడు అతని గద్దింపలేదు. మొదట నిద్రపోనిచ్చెను. రెండుమారులు దూతనంపి, అతనిని తట్టి లేపి భోజనము చేయించెను. హోరేబు కొండయొద్ద అతని మొరను రెండుమారులు చెప్పనిచ్చి వినెను. అటుపిమ్మటనే లెక్క సరిచేసెను: బయలుకు మ్రొక్కనివారు ఇంకను ఏడువేలమంది యున్నారు. చేయవలసిన పనియు అప్పగించి, ఎలీషాను తోడుగా నిచ్చెను.

ఈనాటి వైద్యులును ఈ మార్గమును ఎరుగుదురు. 1960వ దశకములో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున ఆరన్ బెక్ అను వైద్యుడు, క్రుంగినవారి మనస్సులోనికి పిలువకయే వచ్చు తలంపులను గమనించి, అవి ఎంతవరకు నిజమో పరీక్షించుకొనుట రోగులకు నేర్పెను. పాకిస్థానులోని రావల్పిండి పల్లెలలో ఈ పద్ధతిని గ్రామ ఆరోగ్య కార్యకర్తలైన స్త్రీలకు నేర్పిరి. వారు మనోవ్యాధితో నున్న తల్లులను ఇంటింట దర్శించిరి. 2008లో ప్రకటించిన లెక్క ప్రకారము, బిడ్డకు ఆరునెలలు నిండునాటికి, ఈ సహాయము లేని తల్లులలో నూటికి 53 మంది ఇంకను క్రుంగియుండగా, సహాయము పొందినవారిలో 23 మంది మాత్రమే అట్లుండిరి. కొన్నిచోట్ల వైద్యులు పదిమందిని కలిపి కూర్చుండబెట్టియు ఈ చికిత్స చేయుదురు. తన వీపు తనకు కనబడదు గదా, ప్రక్కవానికి కనబడును.

మన గృహ ప్రార్థన కూటములు దీనికి తగినవి కావా? మా కూటమునకు ఒక సహోదరుడు వచ్చెను. శనక్కాయ విత్తగా వాన ముఖము చాటుచేసినది, పెట్టుబడియంతయు పోయినది. “నేను చేతగానివాణ్ణి. నా పాపానికే దేవుడు వాన నిలిపినాడు. నేను లేకుంటేనే ఇంటికి మేలు” అనెను. పాటలు పాడి మరపింప జూడలేదు. మొదట అతనికి సంగటి పెట్టితిమి. పిమ్మట ఒక్కొక్క మాటకు సాక్షులను పిలిచితిమి.

చేతగానివాడా? “నా చేను కూడా ఎండింది గదన్నా, మన గట్టున ఎవురిది పండింది?” అని పొరుగు రైతు పలికెను. అతని పాపమువలననా? 1876–78లో వచ్చిన ధాత కరువు మన కర్నూలు కడప సీమలనే గాక దక్కనునంతటిని మాడ్చెను, లక్షలాదిమంది చనిపోయిరి. అది ఎవని ఒక్కని పాపము? తండ్రి నీతిమంతులకును అనీతిమంతులకును వాన నిచ్చునని ప్రభువే సెలవిచ్చెను (మత్తయి 5:45). అతడు లేకుంటే ఇంటికి మేలా? అప్పుడు అతని భార్య నోరు తెరచి, “అప్పు యాడికీ పోదు, నువ్వే లేకుండా పోతావు” అని ఏడ్చెను. ఆ సాక్ష్యమునకు ఎదురుమాట లేకపోయెను.

అప్పు అప్పుగానే యున్నది. మేము దానిని లేదనలేదు. మరునాడు ఇద్దరు పెద్దలు అతనితోకూడ వెళ్లి గడువు అడిగిరి. విశ్వాసమనగా చేదును తీపి అనుట కాదు. ఉన్నదానిని ఉన్నంతే చూచి, లేని నేరమును దానికి చేర్చకుండుటయే.

ఒక హెచ్చరిక. యోబు స్నేహితులు ఏడు దినములు అతనితో నేలను కూర్చుండి మౌనముగా నున్నంతవరకు మంచి స్నేహితులే. నోరు తెరచి నేరము వెదకినప్పుడు చెడిపోయిరి. మనమును కూటములో న్యాయాధిపతులముగా గాక సాక్షులముగా కూర్చుందము. అక్కడ విన్నది బావికాడ చెప్పరాదు.

ఎవరైనను చావుమాట పలికిన యెడల, విశ్వాసము చాలదని దెప్పకుడి. వారిని ఒంటరిగా విడువకుడి, ఇంటిలోని పురుగులమందు తీసి దూరముగా పెట్టుడి, ఆసుపత్రికి తోడుకొనిపొండి. 2022లో ప్రభుత్వమువారు నెలకొల్పిన టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేసి, పగలైనను రాత్రియైనను, ఉచితముగా తెలుగులోనే మాటలాడవచ్చును. ఏలీయాకు రొట్టె పంపిన దేవుడు మనకు వైద్యులను పంపుచున్నాడు.

ప్రియ చదువరీ, ఈ రాత్రి నీ మనస్సు నీమీద తీర్పు చెప్పుచున్న యెడల మూడు ప్రశ్నలు అడుగుము: జరిగినదేమి? దానిమీద నేను చెప్పుకొన్న తీర్పేమి? ఆ తీర్పునకు సాక్షులెవరు? జవాబు తోచనిచో తెల్లవారువరకు ఆగనక్కరలేదు. పొరుగు సహోదరుని తలుపు తట్టుము. నీవు లెక్కింపని ఏడువేలమందిలో అతడొకడు.

సమాధానకర్తయగు దేవుడు మీ అందరికి తోడైయుండును గాక. ఆమేన్.