బ్రహ్మచర్యం, వీర్యం, హార్మోన్లు

వీర్యాన్ని నిలుపుకుంటే ఓజస్సు పెరుగుతుందన్న నమ్మకానికి ఆయుర్వేదంలోని సప్తధాతు సిద్ధాంతమే మూలాధారం. తిన్న అన్నం రసమై, రక్తం, మాంసం, మేదస్సు, అస్థి, మజ్జల మీదుగా చివరికి శుక్రమవుతుందని ఆ సిద్ధాంతం చెబుతుంది. దీనికి దాదాపు నెల పడుతుందని సుశ్రుతుడి లెక్క. అంత శ్రమతో తయారైనది పోతే బలం పోయినట్టేనని వాదం. గాంధీజీ కూడా దీన్ని గట్టిగా నమ్మారు.

శరీరశాస్త్రం చెప్పే కథ వేరు. మెదడులోని హైపోథాలమస్ విడతలు విడతలుగా పంపే సంకేతంతో పిట్యూటరీ గ్రంథి ఎల్.హెచ్., ఎఫ్.ఎస్.హెచ్. అనే హార్మోన్లను వదులుతుంది. ఎల్.హెచ్. అందుకున్న లైడిగ్ కణాలు టెస్టోస్టెరాన్‌ను తయారుచేస్తాయి. ఎఫ్.ఎస్.హెచ్. సెర్టోలి కణాలను పనిలోకి దింపుతుంది. ఎదుగుతున్న శుక్రకణాలను సాకేవి అవే. ఒక కణం పూర్తిగా రూపుదిద్దుకోవడానికి సుమారు 74 రోజులు. వృషణంలో టెస్టోస్టెరాన్ గాఢత రక్తంలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ; శుక్రకణాల తయారీకి ఆ గాఢత అవసరం. కండల కోసం బయటి నుంచి ఈ హార్మోన్ ఎక్కించుకుంటే, చాలినంత ఉందనుకుని మెదడు తన సంకేతాన్ని తగ్గించేస్తుంది; దాంతో వృషణంలోని గాఢత పడిపోతుంది. మగతనం కోసం వేసుకున్న సూదే సంతానానికి అడ్డుపడుతుంది!

శుక్రకణాల ఉత్పత్తి నిరంతరం సాగుతూనే ఉంటుంది. బయటికి పోని కణాలు పాతబడి శరీరంలోనే శిథిలమవుతాయి. కాబట్టి దాచుకునే నిధి అన్న వాదం నిలవదు. బ్రహ్మచర్యం మాత్రం దానితో కూలిపోదు. యోగసూత్రాల్లో పతంజలి దాన్ని అహింస, సత్యం, అస్తేయం, అపరిగ్రహాల సరసన యమాల్లో చేర్చాడు. కోరికకు లొంగాలా, దాన్ని ఏలాలా అన్న ప్రశ్నను హార్మోన్ పరీక్ష తేల్చలేదు.