ఆకలికి మాత్రమే హక్కు వుందా?

పొట్టకోసం ప్రాణిని పట్టటం వేరు, సరదాకోసం పట్టటం వేరు అని మనం సులువుగా అనేస్తాం. మొదటిది క్షంతవ్యం, రెండోది తప్పు. అహింసావాదులూ ఈ విభజనను ఒప్పుకుంటారు. గిరిజనుల పక్షాన కలం పట్టినవాళ్ళూ ఒప్పుకుంటారు. ఇన్ని రకాలవాళ్ళు ఏకాభిప్రాయానికి వచ్చిన విషయాన్ని ఒకసారి అనుమానించి చూడటం మంచిది.

అరకు లోయలోనూ, చుట్టూ వున్న తూర్పు కనుమల గ్రామాల్లోనూ చైత్రం నుంచి తొలకరి దాకా పొలం పని పలచబడే కాలం. గెడ్డల్లో నీరు మోకాళ్ళకు దిగుతుంది. అప్పుడు నలుగురైదుగురు ఈడువాళ్ళు కలిసి గెడ్డ ఇరుకైన చోట రాళ్ళూ మట్టీ పేర్చి అడ్డు కడతారు. నీరు పోవటానికి ఒక్క సందు వదిలి, ఆ సందులో వెదురుబుట్ట బిగిస్తారు. బుట్ట నోట్లో వెదురు బద్దల మొనలు లోపలికి తిరిగి వుంటాయి. చేప గాని, రొయ్య గాని లోపలికి పోగలదు, వెనక్కి రాలేదు. మైదానంలో మావు పన్నేవారికీ, దూరదేశాల సముద్రాల్లో లాబ్‌స్టర్ అనే పెద్ద రొయ్యలకు బుట్టలు వేసేవారికీ తెలిసిన కిటుకు ఇదే. బుట్ట నిండేలోపల రాళ్ళు ఎత్తి పీతల్ని చేత్తో పడతారు. వేలు కరిపించుకున్నవాణ్ణి చూసి తక్కినవాళ్ళు నవ్వుతారు. సాయంత్రం దొరికిందేదో వాటాలు వేసుకుంటారు.

ఇది పనా, ఆటా? కూర దొరికింది గనక పని అందామా? అన్ని గంటలు కూలికి పోతే సంతలో అంతకంటే ఎక్కువ ఎండుచేపలు కొనవచ్చు. పోనీ ఆట అందామా? ఆ రాత్రి ఇంటిల్లిపాదీ తినేది ఆ కూరే. నిజానికి ఈ రెండు మాటల మధ్య గోడ కట్టింది వాళ్ళు కాదు. చైత్రమాసంలో వచ్చే ఇటుకల పండుగ చూడండి. బగత, కొండదొర, పోర్జ, కోదు, ఏ తెగ గ్రామమైనా మగవాళ్ళు జట్లుగా వేటకు బయలుదేరటం ఆ పండుగ ఆచారం. వట్టి చేతులతో తిరిగివచ్చినవాళ్ళను ఆడవాళ్ళు ఎగతాళి పట్టిస్తారు. ఆకలి ఒక్కటే కారణమైతే ఆ ఎగతాళికి చోటెక్కడిది?

గోడ ఎవరు కట్టారో చట్టాలు చెబుతాయి. మద్రాసు ప్రభుత్వం 1879లో నీలగిరి జంతువుల, చేపల పరిరక్షణ చట్టం చేసింది. లైసెన్సు పుచ్చుకున్న దొరల షికారుకు, గాలానికి ఆ చట్టం నీడ పట్టింది. అదే ప్రభుత్వం 1882లో మద్రాసు అటవీ చట్టం చేసి, రిజర్వు అడవిలో వేటనూ, చేపలు పట్టటాన్నీ, ఉచ్చులు పన్నటాన్నీ ఆంక్షల కింద పెట్టింది. మూడేళ్ళ తేడాలో ఒకరి సరదాకు క్రీడ అని పేరు, మరొకరి సరదాకు నేరమని పేరు. స్వతంత్ర భారతంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. అడవిలో జంతువులు తరిగిపోయిన స్థితిలో ఆ నిషేధం అవసరమే. 2006 అటవీ హక్కుల చట్టం వేటను మినహాయించి, చేపల మీదా, నీటి వనరుల్లో దొరికే ఇతర ఉత్పత్తుల మీదా గ్రామాల సామూహిక హక్కును గుర్తించింది. అంటే గెడ్డ ఇంకా వాళ్ళదే.

కాని ఆ హక్కును మనం సమర్థించే తీరు ఏమిటి? "పాపం, ఆకలికోసం పడుతున్నారు, పట్టుకోనివ్వండి" అంటాం. ఈ మాటలో దయ వుంది, సమానత్వం లేదు. గిరిజనుడికి కడుపు వుందని ఒప్పుకుంటాం గాని, తీరిక వుండాలని ఒప్పుకోం. అధ్యాపకులమైన మనకు జీతంతో వేసవి సెలవులున్నాయి. వాటిని ఏ అవసరానికి వాడుకున్నారని ఎవరూ అడగరు. విశాఖ నుంచి రైలెక్కి వచ్చే విహారయాత్రికుడి వినోదానికి పర్యాటక పరిశ్రమ అనే గౌరవనామం కూడా వుంది. వినోదం లేకుండా బ్రతకవలసినవాడు ఆ లోయలో పుట్టినవాడొక్కడేనా? మార్క్స్, ఎంగెల్స్ 1845-46లో రాసిన 'జర్మన్ భావజాలం'లో, శ్రమ విభజన సంకెళ్ళు తెగిన మనిషిని ఊహించేటప్పుడు వేటనూ, చేపలు పట్టటాన్నీ ఉదాహరణలుగా తీసుకున్నారు. వృత్తి అనే ముద్ర పడకుండా పని చెయ్యగలగటమే అక్కడ విషయం.

దీనికి రెండు ఆక్షేపణలు వస్తాయి. ఆకలికి కడుపు నిండటం హద్దు, సరదాకు హద్దేదీ అన్నది మొదటిది. హద్దు లేనిది సరదాకు కాదు, సరుకుకు. సంతలో ధర పలికినప్పుడే బుట్ట చాలక మందుగుండు నీళ్ళలో పడుతుంది. పేలుడు పదార్థాలతో, విషంతో చేపల్ని చంపరాదని 1897లోనే చట్టం చెయ్యవలసివచ్చింది. ఇక సరదాకు హద్దు పెట్టటం సాధ్యమేనని అమెరికాలోని మెయిన్ రాష్ట్రం చూపిస్తోంది. అక్కడ వ్యాపారం కాక స్వంతానికి లాబ్‌స్టర్లు పట్టుకునేవారికి విడిగా లైసెన్సు ఇస్తారు. ఐదు బుట్టలకు మించి వెయ్యరాదు, పట్టింది అమ్మరాదు, గుడ్లు మోసే ఆడదాన్ని తిరిగి నీళ్ళలో వదలాలి. అంత దూరం పోనక్కరలేదు. హుకుంపేట మండలంలోని మత్స్యగుండంలో చేపల్ని దైవంగా కొలుస్తారు, పట్టరు. భక్తిని పక్కన పెట్టి చూసినా, ఒక మడుగును ముట్టకుండా వుంచటమంటే కొండజనం తమకు తాము గీసుకున్న గీత అది.

రెండో ఆక్షేపణ బరువైనది. ప్రాణి బాధ మాటేమిటి? పీతలు, రొయ్యల జాతి బాధను అనుభవించగలదని బ్రిటన్ 2022లో చట్టంలోనే గుర్తించింది. ఈ మాటను తోసిపుచ్చటానికి లేదు. అయితే పట్టినవాడు ఆకలిగొన్నాడా, ఆడుకుంటున్నాడా అన్నదాన్నిబట్టి పీత బాధ తగ్గదు, పెరగదు. ఆకలిగొన్నవాడి చేతిలో అది సుఖంగా చావదు. కాబట్టి అవసరానికి మించి పట్టకపోవటం, పట్టినదాన్ని పారెయ్యకపోవటం, చంపేటప్పుడు హింసించకపోవటం ఇద్దరికీ సమానమైన ధర్మాలు. గెడ్డ దగ్గర ఆనందం చంపటంలో లేదు. నీటి వాలు చూసి బుట్ట పెట్టే నేర్పులో, నలుగురి సాంగత్యంలో వుంది.

ఇలా అని కొండమీది తీరికంతా న్యాయంగా పంచుకున్నారనలేం. మగవాళ్ళు వేటపాటలు పాడుకునే ఆ నెలల్లోనే ఇప్పపువ్వు ఏరేదీ, కట్టెలు మోసేదీ, ఎండిన ఊటల దగ్గర కుండ నింపేదీ ఎక్కువగా ఆడవాళ్ళు. ఒకరి ఆట మరొకరి నడుము మీద నడిస్తే అది కొండ మీదైనా, బంగళాలోనైనా అన్యాయమే. వినోదాన్ని తూచవలసిన తక్కెడ అది. ఎవరి శ్రమ మీద నడిచింది, ఎవరికి పంచింది, రేపటికి ఏం మిగిల్చింది?

ఈ మూడు ప్రశ్నలకు తలెత్తి జవాబు చెప్పగల ఆటను ఆకలి సాకుతో కాపాడనక్కరలేదు. గిరిజనుల హక్కులకోసం మనం రాసే అర్జీల్లో భూమి వుంది, అడవి వుంది, కూలి రేటు వుంది. వేసవిలో స్నేహితులతో గెడ్డలో దిగే తీరిక కూడా హక్కేనని అందులో చేర్చాలి.