స్నేహితుడు చేసిన గాయము
(ధ్యాన వాక్యము: సామెతలు 27:6)



స్నేహితునివలన కలిగిన గాయము నమ్మదగినదనియు, పగవాని ముద్దు నమ్మరానిదనియు ఈ వాక్యము మనకు నేర్పుచున్నది. హిజ్కియా సేవకులు ఎత్తి వ్రాసిన సొలొమోను సామెతలలో ఇది యొకటి. రాజు కొలువులోనివారు ఈ మాటను పోనీయక వ్రాసి యుంచిరనుట గమనింపదగినది. ముఖస్తుతి ఎక్కువగా వినబడు చోటు అదియే గదా!

అహాబు రామోత్గిలాదు మీదికి యుద్ధమునకు పోదలచినప్పుడు (1 రాజులు 22) ఇంచుమించు నన్నూరుమంది ప్రవక్తలు ఒక్క నోటితో పొమ్మనిరి. సిద్కియా ఇనుప కొమ్ములు సహా చేయించుకొని వచ్చెను. మీకాయా యొక్కడే నిజము పలికెను. పిలువబోయిన దూతయు, అందరి మాటతో నీ మాటయు కలుపుమని అతనికి బోధించెను. కడకు మీకాయాకు చెరసాల, రాజునకు కవచపు కీలు మధ్య బాణము దొరికెను. ఆ నన్నూరుమందిలో అహాబును ప్రేమించినవాడు ఒక్కడైన నుండెనా?

నాతాను దావీదునొద్దకు వచ్చిన రీతి చూడుడి (2 సమూయేలు 12). ఊరియా చనిపోయి, బత్షెబ రాజనగరులో బిడ్డను కని, అంతయు సద్దుమణిగిన దినములవి. నాతాను కేకలు వేయుచు రాలేదు. బీదవాని గొఱ్ఱెపిల్ల సంగతి చెప్పి, రాజు కోపము రాజుమీదికే తిరుగునట్లు చేసెను. మనలో కొందరు తమ నోటి దురుసునకు నాతాను పేరు పెట్టుకొనుచున్నారు. పదిమంది నడుమ ఒకని పరువు తీయుట బుద్ధి చెప్పుట కాదు. మొదట ఒంటరిగా పోయి మాటలాడవలెనని ప్రభువే సెలవిచ్చెను (మత్తయి 18:15).

తరువాత బత్షెబ కనిన కుమారులలో ఒకని పేరు నాతాను (1 దినవృత్తాంతములు 3:5). ఆ పేరు ఎందుకు పెట్టిరో గ్రంథము చెప్పదు గాని, తనను గాయపరచిన స్నేహితుని రాజు మరువలేదని తలంచుట మాకు ఇష్టము. లూకా వ్రాసిన ప్రభువు వంశావళిలో ఆ కుమారుని పేరున్నది.

ఇంత వ్రాయుచున్న మేము ఈ పాఠమును సెమినరీలో నేర్చుకొనలేదు. ఈ సంఘమునకు వచ్చిన మొదటి యేడు, ఒక గృహస్థుడు ప్రతి ఆదివారము మా ప్రసంగమును పొగడెడివాడు. అతని యింటినుండి పెరుగు చట్టి, కాలము వచ్చినప్పుడు మామిడిపండ్లు వచ్చెడివి. కోత పండుగ వేలములో అతడు పాడుకొన్న ధాన్యపు సొమ్ము చెల్లింపలేదు, మేము అడుగలేదు. అటువంటి బాకీయే యున్న ఒక విధవరాలి పేరు మాత్రము ఆరాధనలో చదివితిమి.

ఆ రాత్రి సంఘపు పెద్ద యొకడు మా వాకిట నిలిచి, మెల్లగా అడిగెను: “అయ్యగారూ, ఆ ముసలమ్మ మీకు పెరుగు పంపలేదనా పేరు చదివారు?”

“ప్రొద్దుపోయింది పెద్దయ్యా, ఇంటికి వెళ్లండి” అంటిమి. అన్నము సహించలేదు. మాట అబద్ధమైనయెడల అంత మండియుండదు. రెండు ఆదివారములు అతని వైపు చూడకయే ప్రసంగించితిమి. అతడు మాత్రము ఎప్పటివలె ముందు చాపమీదనే కూర్చుండెను. ఎవరితోను ఈ సంగతి చెప్పలేదు.

మూడవ వారము అతని యింటికి పోతిమి. మంచమునకు నులక అల్లుచుండెను. “వస్తారని తెలుసు అయ్యగారూ, రోజూ ప్రార్థనలో మీ పేరే” అనెను. ఇద్దరము కలిసి ఆ విధవరాలి యింటికి నడచితిమి. మేము క్షమాపణ అడుగగా ఆమె కొంగుతో కన్నులు తుడుచుకొని, కూర్చుండుటకు పీట వేసెను. మరుసటి ఆదివారము ఆమె పేరు చదివిన చోటనే నిలిచి, మా తప్పు సంఘము ఎదుట ఒప్పుకొంటిమి.

అటు తరువాత ఆ గృహస్థుని బాకీ అడిగితిమి. సొమ్ము చెల్లించెను గాని మూడు నెలలు గుడికి రాలేదు. పెరుగు చట్టియు రాలేదు. పెద్దయ్య ఇప్పటికిని ఆరాధన ముగిసిన పిమ్మట వాకిట నిలిచి, ఆనాటి ప్రసంగములో ఏ మాట తనకు అర్థము కాలేదో చెప్పి గాని ఇంటికి పోడు.